చిన్న స్నో బ్లోయరు, ఎర్ర డబ్బా, ఒక చలికాలం

అక్టోబరు 26, 2024, శనివారం

ఆకులు ఊడ్చే పని సగంలో వదిలేసి గ్యారేజీ మూలనుంచి స్నో బ్లోయరును, అంటే ఇంటి ముందు పడ్డ మంచును విసిరేసే మిషనును, బయటికి లాగాను. ఎండగా ఉంది, ఫారెన్‌హీట్ లెక్కలో 50 డిగ్రీలు దాటింది. ఇంజను పని చేస్తుందో లేదో చూసుకోవడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. మంచు పడ్డ పొద్దున ఆరింటికి చేతులు కొంకర్లు పోతుంటే చూసుకునే పని కాదిది.

పని చేయలేదు.

ముందు మిషను సంగతి. 2022–23 చలికాలంలో మా ట్విన్ సిటీస్‌లో (అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు జంట నగరాలు, మినియాపొలిస్, సెయింట్ పాల్) 90 అంగుళాల పైచిలుకు మంచు పడింది, రికార్డుల్లో మూడో స్థానం. మేం ఆ పక్కనే ప్లిమత్‌లో ఇల్లు కొనుక్కున్న మొదటి చలికాలం అదే. ఆ సీజనంతా పారతోనే ఎత్తిపోశాం. ఫిబ్రవరిలో మా ఆయనకు నడుము పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. ఏప్రిల్లో ఎవరో ఊరు మారిపోతూ అమ్ముతుంటే 250 డాలర్లకు దీన్ని తెచ్చుకున్నాం. వెడల్పు 21 అంగుళాలు, ఫోర్ స్ట్రోక్ ఇంజను, సింగిల్ స్టేజి. అంటే ముందున్న రబ్బరు రెక్కలే మంచును గీకి, అవే పైనున్న గొట్టంలోంచి విసిరేస్తాయి. టూ స్టేజిలో ఇనప మర మంచును లోపలికి లాగుతుంది, వెనక ఇంకో ఫ్యాను విసురుతుంది. అది పెద్ద మిషను, చక్రాలు దానంతటవే తిరుగుతాయి. మా దానికి అంత వైభోగం లేదు. రెక్కలు నేలను రుద్దుకుంటూ పోతాయి కాబట్టి కాస్త తనే ముందుకు లాక్కుంటుంది, మిగతాది మనం తొయ్యాలి. గ్యారేజీ నుంచి రోడ్డు దాకా ఉండే మా డ్రైవ్‌వే రెండు కార్లు పట్టేంత, దానికి ఇది చాలు.

కొన్న మరుసటి చలికాలం, 2023–24లో, సీజను మొత్తం కలిపి 30 అంగుళాలు కూడా పడలేదు. గొడుగు కొంటే వాన రాదన్నట్టు. మిషను రెండుసార్లు వాడానేమో. దాని టాంకులో పోసిన పెట్రోలు మాత్రం ఆ నవంబరు నుంచి ఇవాళ్టి దాకా అలాగే ఉంది.

ఇవాళ లక్షణాలు: ఇంజనులోకి పెట్రోలు తోసే రబ్బరు బల్బు మూడుసార్లు నొక్కి, చోక్ వేసి తాడు లాగితే ఏడో లాగుడికి అంటుకుంది. ఐదు సెకన్లు ఆడింది. చోక్ తియ్యగానే దగ్గి ఆగిపోయింది. మళ్ళీ చోక్, మళ్ళీ ఐదు సెకన్లు. కరెంటు వైరు గుచ్చి బటన్ నొక్కినా అదే తంతు. టాంకు మూత తీసి వాసన చూస్తే పెట్రోలు ఘాటు లేదు, పాత రంగు డబ్బా వాసన వస్తోంది. ముప్ఫై సార్లు లాగాక కుడి భుజం ఇక వద్దంది.

అక్టోబరు 27, ఆదివారం

పొద్దున నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరున్నర. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె, మిర్చి వ్యవసాయం. నాన్న ఇంజనీరు కాడు కానీ ఇరవై ఏళ్ళుగా తైవాన్ స్ప్రేయరును విప్పి బిగిస్తూ ఉన్నాడు. వీపున తగిలించుకుని మందు కొట్టే మిషను ఉంటుందే, అది. అది టూ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిలు కలపాలి. నా మిషనుకు అక్కర్లేదు, ఆయిలుకు వేరే చోటుంది.

“నాన్నా, గ్యాస్ పాతబడిపోయింది, మిషను ఆడట్లేదు” అన్నాను.

“గ్యాస్ పాతబడ్డమేంటమ్మా? సిలిండరు మార్చు.”

ఇక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారని గుర్తు చేసేసరికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే.

“చోక్ వేస్తే ఆడి, తీస్తే ఆగిపోతోందా?”

“అవును.”

“అయితే ప్లగ్గు జోలికి పోమాక. కార్బొరేటర్లో జెట్టు పూడింది. గిన్నె విప్పు.”

కార్బొరేటరు అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకు పంపేది, జెట్టు అందులో పెట్రోలు వచ్చే సన్న దారి. చోక్ అంటే గాలి దారిని మూసే రేకు. గాలి తగ్గితే, సన్నగా వచ్చే ఆ కాస్త పెట్రోలే సరిపోతుంది, ఇంజను ఆడుతుంది. చోక్ తీస్తే గాలి పూర్తిగా వస్తుంది, పెట్రోలు మాత్రం అంతే, చాలదు. నాన్న ఇదంతా చెప్పలేదు. జెట్టు పూడిందన్నాడు, అంతే. మిగతాది నేను పని చేస్తుంటే అర్థమైంది.

పని గ్యారేజీలో పెట్టుకోలేదు, డ్రైవ్‌వే మీద ఎండలో పెట్టుకున్నాను. ముందు ప్లగ్గు మీది టోపీ పీకి పక్కకు తిప్పాను, పొరపాటున కూడా ఇంజను తిరగకుండా. చేతి పంపుతో టాంకులోది సీసాలోకి లాగాను. పైన ప్లాస్టిక్ కవరు మరలు ఆరు. దాని కింద కార్బొరేటరు, బత్తాయి కాయంత. అడుగున చిన్న రేకు గిన్నె, దాని మధ్యలో ఒకే బోల్టు, 10 నంబరు పానా. కింద స్టీలు గిన్నె పెట్టి విప్పితే చెంచాడు ద్రవం పడింది. టీ డికాక్షన్ రంగు. రేకు గిన్నె అడుగున ఆకుపచ్చ పొర, వాడకుండా మూలన పడేసిన ఇత్తడి చెంబు లోపల ఎలా ఉంటుందో అలాగే. వేలితో రుద్దితే జిగురు.

గిన్నె మధ్యలోంచి పైకి ఒక ఇత్తడి గొట్టం ఉంటుంది. దాని కింది చివర జెట్టు, నడిమధ్య వెంట్రుక మందం కన్నం. ఇంజను తాగేదంతా ఆ కన్నంలోంచే. గొట్టం బయటికి తీసి సూర్యుడికేసి పట్టి చూశాను. ఏమీ కనబడలేదు. కార్బొరేటరు క్లీనరు స్ప్రే కొట్టి పావుగంట వదిలేసి మళ్ళీ చూశాను. ఇంకా చీకటే. పాత టేబులు లాంపు తీగ తొక్క ఒలిచి అందులోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో పొడిచాను. సూది వాడకూడదు. ఇత్తడి మెత్తనిది, కన్నం పెద్దదైతే జీవితాంతం పొగే. రాగి పోగు మూడుసార్లు వంగిపోయింది, నాలుగోసారి దిగింది. మళ్ళీ స్ప్రే కొట్టి ఎండకు పట్టి చూస్తే ఒక చుక్క వెలుతురు. పిల్లలు అటుగా పోతుంటే పిలిచి మరీ చూపించాను. వాళ్ళు “ఓకే మమ్మీ” అని వెళ్ళిపోయారు.

గొట్టం పక్కల ఉండే సన్న బెజ్జాలు కూడా అలాగే శుభ్రం చేశాను. గిన్నె చుట్టూ ఉండే రబ్బరు రింగు ఉబ్బిపోయి గాడిలో కూర్చోవట్లేదు. కొత్తది నాలుగు డాలర్లు. మొత్తం కార్బొరేటరే ఇరవై డాలర్లకు కొత్తది దొరుకుతుంది, తెలివైనవాళ్ళు అదే చేస్తారు. కానీ అప్పటికే నాకు పంతం పట్టింది.

తీసిన పాత పెట్రోలు సీసా మీద మార్కరుతో రాసి పక్కన పెట్టాను. బ్రూక్లిన్ పార్కులో కౌంటీ వాళ్ళ కేంద్రం ఉంది, ఇలాంటివి తీసుకుంటారు. కాలవలో పారబొయ్యడం కుదరదు, మనసూ ఒప్పదు.

నవంబరు 2, శనివారం

రింగు వచ్చింది, బిగించాను. ఇక ఏం పొయ్యాలి అన్న ప్రశ్న.

ఇంతకు ముందు పెట్రోలు తెచ్చుకునే ఎర్ర డబ్బాలో ఏముందో తెలుసుకుందామని పాత రసీదులు వెతికితే అన్‌లెడెడ్ 88 అని ఉంది. ఎవరు పోయించారో రాయను. ఇంట్లో పెద్దవాళ్ళం ఇద్దరమే, నేను మాత్రం కాదు.

88 కథ ఇది. బంకులో మీటల మీద 87, 88, 89, 91 అని ఆక్టేన్ అంకెలు ఉంటాయి. 87 కన్నా 88 పెద్ద అంకె, పైగా ధర తక్కువ. ఎవరైనా ఏమనుకుంటారు? మంచిదే చవగ్గా ఇస్తున్నారనుకుంటారు. కానీ 88 అంటే 15 శాతం ఇథనాల్ (ఇక్కడ మొక్కజొన్న నుంచి తీసే సారా) కలిపింది, ఇ15. 2001, ఆ తర్వాతి కార్లకే దానికి ఫెడరల్ అనుమతి. గడ్డి కోసే మిషన్లకు, పడవలకు, మోటారు సైకిళ్ళకు, స్నో బ్లోయర్లకు వాడకూడదని పంపు మీద నారింజ, నలుపు చీటీ అతికించే ఉంటుంది. చలిలో గ్లోవ్స్‌తో నిలబడి ఆ చీటీ చదివేదెవరు?

మామూలు 87లో 10 శాతం ఇథనాల్ ఉంటుంది. మిషను పుస్తకంలో 10 శాతం దాకా పరవాలేదని రాసే ఉంది. మిన్నెసోటాలో మామూలు పెట్రోల్లో ఇథనాల్ కలపాలని చట్టమే ఉంది. మొక్కజొన్న రాష్ట్రం కదా. దీనికి మినహాయింపు ఇథనాల్ కలపని 91. దాని పంపు మీద ఇంకో చీటీ ఉంటుంది: పాత కాలపు సేకరణ కార్లకు, పడవలకు, స్నోమొబైళ్ళకు, మోటారు సైకిళ్ళకు, చిన్న ఇంజన్లకు మాత్రమే అని. ఇక్కడి జనం దీన్ని ‘నాన్ ఆక్సీ’ అంటారు. ఇథనాల్ లేనిదని అర్థం. నవంబరులో ఈ పంపు దగ్గర ఎర్ర డబ్బాలు పట్టుకున్న ముసలాయనలు వరసగా కనబడతారు. వాళ్ళ మధ్య సల్వార్ మీద పఫర్ జాకెట్ వేసుకుని నేనొక్కదాన్ని.

ధర గ్యాలనుకు డాలరు పైనే ఎక్కువ. ఒక గ్యాలనే కొన్నాను కాబట్టి బాధ లేదు. డబ్బాను కారు డిక్కీలో ఉంచి నింపకూడదు, కింద నేల మీద పెట్టి నింపాలి. ప్లాస్టిక్ మ్యాట్ మీద ఉంటే స్టాటిక్ నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది. అన్ని రకాలకూ ఒకే గొట్టం ఉన్న బంకయితే ఇంకో చిక్కు. ముందు వచ్చినవాళ్ళు పోయించుకున్న 87 కాస్త గొట్టంలో మిగిలి ఉండి, మన డబ్బాలో మొదట అదే పడుతుంది. కారుకు ఇరవై గ్యాలన్లు పోస్తే లెక్కలోకి రాదు కానీ ఒక గ్యాలను డబ్బాకు వస్తుంది. అందుకే నాన్ ఆక్సీకి విడిగా గొట్టం ఉన్న బంకు వెతుక్కుని వెళ్ళాను.

ఇంటికొచ్చాక నమ్మకం కుదరక పరీక్ష పెట్టాను. పెరట్లో బల్ల మీద, 100 మిల్లీలీటర్ల గాజు కొలపాత్ర. అడుగున 10 మి.లీ. నీళ్ళు పోసి, కనబడాలని కేకులో వేసే నీలం రంగు ఒక చుక్క కలిపాను. పైన 90 మి.లీ. కారు కోసం కొన్న 87. మూత బిగించి ఊపి, పది నిమిషాలు వదిలేశాను. నీలం గీత 10 దగ్గర ఉండాల్సింది 19కి దగ్గరగా ఎక్కి కూర్చుంది. నీళ్ళు పెరగలేదు. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ అంతా పెట్రోలును వదిలేసి కిందికి దిగి నీళ్ళలో చేరిపోయింది. పాత్ర కడిగి 91తో మళ్ళీ చేశాను. గీత 10 మీద కదలకుండా ఉంది.

ఇప్పుడు నా గిన్నెలో ఏం జరిగిందో కళ్ళకు కట్టింది. ఇథనాల్‌కు నీళ్ళంటే ప్రాణం. గాలిలో తేమ ఉన్నా పీల్చుకుంటుంది. కొంతవరకు కలుపుకుని ఊరుకుంటుంది, హద్దు దాటితే నీళ్ళతో సహా పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. చలి పెరిగే కొద్దీ ఆ హద్దు ఇంకా తగ్గుతుంది. కార్బొరేటరులో జెట్టు ఉండేది అడుగునే. అంటే ఇంజను మొదటి గుక్కే నీళ్ళ సారా. పక్కనే ఇత్తడి, అల్యూమినియం. ఆకుపచ్చ పొర రాకేం చేస్తుంది?

అలాగని 91 అమృతం కాదు. ఇథనాల్ లేకపోయినా పెట్రోలు పాతబడుతుంది. తేలికపాటి భాగాలు ఆవిరై, బరువైనవి జిగురుగా మిగులుతాయి. కాకపోతే నీళ్ళ గొడవ తగ్గుతుంది. పెట్రోలు త్వరగా పాడవకుండా ఉంచే మందు కూడా కలిపాను: స్టా-బిల్, 2.5 గ్యాలన్లకు ఒక ఔన్సు, అంటే నా గ్యాలనుకు 12 మి.లీ. పిల్లల దగ్గుమందు మూతతో కొలిచి, ఆ మూతను వెంటనే చెత్తలో పడేశాను. మందు తాజా పెట్రోల్లోనే కలపాలి. పాడైనదాన్ని అది బాగుచెయ్యదు.

హార్డ్‌వేర్ షాపుల్లో ఇథనాల్ లేని పెట్రోలు చిన్న టిన్నుల్లో కూడా అమ్ముతారు, ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. గ్యాలను లెక్కన చూస్తే ఇరవై డాలర్లకు పైనే. ఏడాదికి రెండుసార్లు వాడేవాళ్ళకు అది నయమేమో. మా ఊళ్ళో కాదు.

కొత్త పెట్రోలు పోశాక రెండో లాగుడికి అంటుకుంది. చోక్ తీశాను. ఆడుతూనే ఉంది.

నవంబరు 9, శనివారం

ఆయిలు మార్చాను, 5డబ్ల్యూ-30 సింథటిక్, చలికి గడ్డకట్టినట్టు అవ్వదు. రబ్బరు రెక్కల్లో అరుగుదల చూపించే కన్నాలు ఉంటాయి. అవి ఇంకా తెరుచుకోలేదు, ఈ సీజను లాగిస్తాయి. కింద గీకే ప్లాస్టిక్ పట్టీ ఒక పక్క అరిగింది, తిప్పి బిగించాను. గంటన్నర పని. రాసేంత సంగతి ఏమీ లేదు.

డిసెంబరు 19, గురువారం

మొదటి నిజమైన మంచు. మా డ్రైవ్‌వే మీద స్కేలు గుచ్చితే ఐదు అంగుళాలు. పొడి మంచు, పిండిలా ఉంది. మిషనుకు పండగ.

బయటికి తెచ్చాకే స్టార్ట్ చేశాను. షట్టరు తెరిచే ఉంది కదా అని గ్యారేజీలో ఆడించే మనుషుల్ని చూశాను. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ఇంట్లోకి పోయే తలుపు పక్కనే ఉంటుంది. చలిగా ఉన్నా సరే, బయటే.

మధ్యలో మొదలుపెట్టి రెండు పక్కలకూ విసురుతూ పోవడం సుఖం. అంచు నుంచి మొదలుపెడితే విసిరిందే మళ్ళీ విసరాల్సి వస్తుంది. గాలి పడమటి నుంచి వస్తోంది, మొదటి వరసలో అటు తిప్పి నా ముఖం మీదే మంచు కొట్టుకున్నాను. రోడ్డు మీదికి విసరకూడదు, ఈ రాష్ట్రంలో అది చట్టవిరుద్ధం. ఎదురింటి పెద్దాయన వైపూ విసరకూడదు, ఆయన కిటికీలోంచి చూస్తూ ఉంటాడు.

సగంలో టక్‌మని శబ్దం. గొట్టంలోంచి ఏదో ఎర్రటి ముక్క ఎగిరి లెటర్‌బాక్సుకు తగిలి పడింది. ఇంజను ఆపి వెళ్ళి చూస్తే దీపావళి ప్రమిద. నడవ పక్కన ఇరవై ఒకటి పెట్టి ఇరవై తీశానన్నమాట. రబ్బరు రెక్క కాబట్టి చిన్న గాటుతో పోయింది. ఇనప మర అయితే దాన్ని కాపాడే పిన్ను తెగేదే. మంచు పడకముందు డ్రైవ్‌వే మీద ఏమేం ఉన్నాయో చూసుకోవడం అనే పని నా నవంబరు జాబితాలో లేదు. ఇకనుంచి ఉంటుంది: కాలిపట్టా, న్యూస్‌పేపరు కట్ట, పిల్లల బంతి, ప్రమిదలు.

ఆఖర్న అసలు పరీక్ష. సిటీ వాళ్ళ ప్లౌ బండి రోడ్డు ఊడ్చుకుంటూ పోయి మన డ్రైవ్‌వే మొదట్లో అడ్డంగా గట్టు కట్టి వెళ్తుంది. పొలం గట్టులాగే ఉంటుంది, రోడ్డు మీది ఉప్పు, ఇసక, మంచుగడ్డలు కలిసి. ఈ చిన్న మిషనును దాని మీదికి పూర్తి వెడల్పున తోస్తే గుర్రుమంటుంది. సగం వెడల్పు, మూడో వంతు వెడల్పు చొప్పున కొరుక్కుంటూ పోవాలి. గట్టుకు పది నిమిషాలు, మిగతా డ్రైవ్‌వే మొత్తానికి పదిహేను.

అయిపోయాక ఇంకో నిమిషం ఖాళీగా ఆడించి రెక్కలకు అంటిన మంచు విదిలించాను. తడితో లోపల పెడితే కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి రెక్కలు కదలవని పుస్తకంలో ఉంది.

జనవరి 21, 2025, మంగళవారం

ఫారెన్‌హీట్ లెక్కలో సున్నా కింద 15. స్కూళ్ళు మూసేశారు. కొత్తగా మంచు పడలేదు కానీ గాలికి కొట్టుకొచ్చిన గుట్ట ఒకటి గ్యారేజీ ముందు పేరుకుంది.

ఈ చలిలో తాడు లాగితే బావిలోంచి నిండు బిందె చేదినట్టుంది. బల్బు మూడుసార్లు కాదు, ఐదుసార్లు నొక్కాల్సి వచ్చింది. నాలుగో లాగుడికి అంటుకుంది. చోక్ ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా తీశాను.

చలికాలం పెట్రోలు, ఎండాకాలం పెట్రోలు ఒకటి కావని నాకు ఈ ఏడే తెలిసింది. ఇంజనులో మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. చలిలో ఆవిరి త్వరగా పుట్టదు కాబట్టి చలికాలం సరుకులో తేలికపాటి భాగాలు ఎక్కువ కలుపుతారు. ఎండాకాలం అలా కలిపితే ఊరికే గాల్లో కలిసిపోయి పొల్యూషన్, అందుకే అప్పుడు తగ్గిస్తారు. జులైలో లాన్ మోవరుకు కొన్న పెట్రోలు పాడవకపోయినా జనవరిలో అందుకే మొండికేస్తుంది. నవంబరులో కొనడం మంచిదైంది. కొన్నది కూడా జనం బాగా వచ్చిపోయే బంకులో, నెమ్మదిగా అమ్ముడయ్యే సరుకు అక్కడైతే కాస్త తాజాగా ఉంటుందని.

పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది. కనురెప్పలకు మంచు కట్టింది.

మార్చి 5, బుధవారం

నిన్న వాన, రాత్రికి మంచు. పొద్దున స్కేలుకు ఎనిమిది అంగుళాలు, కానీ ఇది డిసెంబరు మంచు కాదు. రుబ్బుడు పిండి. పారతో ఎత్తితే తడి సిమెంటు. ఇలాంటి మంచు ఎత్తుతూనే గుండెపోట్లు వస్తాయని ఇక్కడ ప్రతి ఏటా చెప్తారు.

మిషను మూడు అడుగులు వెళ్ళి విసరడం మానేసింది. గొట్టం నిండా పిండి కూరుకుపోయింది. ఇంజను ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాయని చూసుకుని, అప్పడాల కర్రతో పొడిచి తీశాను. వంటింటి కర్ర ఇకనుంచి గ్యారేజీదే, పూరీలకు కొత్తది కొనాలి. చెయ్యి పెట్టలేదు. ఇంజను ఆగినా చెయ్యి పెట్టకూడదు. ఇది తెలియనివాళ్ళుండరు, అయినా ప్రతి చలికాలం ఎమర్జెన్సీలో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఉంటారు. తొందరలో ఉన్నప్పుడు చేతికి బుద్ధి ఉండదు.

గొట్టం లోపల, రెక్కల గూడులో సిలికాన్ స్ప్రే కొట్టాను. దోసె పెనానికి నూనె రాసినట్టే. తర్వాత నాలుగు వరసలు అంటుకోకుండా వెళ్ళింది, మళ్ళీ కొట్టాను. రెండో కిటుకు: నెమ్మదిగా తోస్తే ఇలాంటి మంచు గొట్టంలో పేరుకుంటుంది. సన్న వరస తీసుకుని వేగంగా తొయ్యాలి, ఇంజను పూర్తి స్పీడులో.

మా ఆయన పైనుంచి కాఫీ తెస్తూ, “ప్రీమియం పోశావుగా, అయినా మూలుగుతోందేంటి?” అన్నాడు.

ప్రీమియం, అంటే 91, బలం ఎక్కువనుకోవడం అందరికీ ఉన్న భ్రమే. ఆక్టేన్ అంకె చెప్పేది బలం గురించి కాదు, ప్లగ్గు రాజేసిన మంట వచ్చి చేరకముందే ఒత్తిడికి తనంతట తనే మండిపోకుండా పెట్రోలు ఎంతసేపు ఓర్చుకుంటుందో దాని గురించి. గట్టిగా అదిమే పెద్ద ఇంజన్లకు అది కావాలి. ఈ చిన్న ఇంజను అంతగా అదమదు, దీనికి 87 చాలు. 91 పోస్తున్నది అంకె కోసం కాదు, అందులో లేనిదాని కోసం. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి 10 శాతం కలిపిన దానికీ దీనికీ ఓ 3 శాతం తేడా ఉంటుంది. అది నా భుజానికి తెలియదు. మూలుగుతున్నది పెట్రోలు వల్ల కాదు, మంచు బరువు వల్ల. ఇదంతా చెప్పేలోపు ఆయన కాఫీ ఇచ్చి లోపలికి పోయాడు.

సగంలో టాంకు ఖాళీ. వేడి ఇంజను మీద పెట్రోలు ఒలికితే ఏమవుతుందో తెలుసు కాబట్టి పది నిమిషాలు ఆగాను, కాఫీ అలా పనికొచ్చింది. ఎర్ర డబ్బా మూతి గురించి మాత్రం రాయాలి. ఒలక్కుండా ఉండాలని దానికి స్ప్రింగు, తాళం, మెలిక పెట్టారు. గ్లోవ్స్‌తో తెరవలేం, గ్లోవ్స్ తీస్తే వేళ్ళు నిలవవు. తెరిచాక రెండు చుక్కలు మంచు మీద పడి పసుపు మచ్చ. ఒలకని మూతి తయారుచేసినవాళ్ళు దాన్ని ఒక్కసారైనా మార్చిలో వాడి చూడాల్సింది.

గట్టు దగ్గర మిషను చేతులెత్తేసింది. పారతో గడ్డలు పగలగొట్టి, చిన్నవి దానికి తినిపించాను. మొత్తం గంటన్నర.

ఏప్రిల్ 12, శనివారం

ఇక పడదని నమ్మి మిషనును నిద్రపుచ్చే పని. మిన్నెసోటాలో ఆ నమ్మకం ఎప్పుడూ కాస్త తొందరపాటే.

నిల్వ ఎలా చెయ్యాలన్న దాని మీద రెండు మతాలున్నాయి. ఒకటి, మందు కలిపిన తాజా పెట్రోలుతో టాంకు నిండుగా ఉంచి వదిలెయ్యడం. రెండోది, చుక్క లేకుండా ఆరబెట్టడం. పోయిన ఏడాది నేను మొదటి మతం, మందు లేకుండా. ఈసారి రెండోది.

టాంకులోది పంపుతో డబ్బాలోకి లాగేసి, డ్రైవ్‌వే మీద ఇంజను ఆన్ చేసి వదిలేశాను. మూడు నిమిషాలు ఆడింది. గొంతు మారింది, ఊగింది, ఆగింది. చోక్ వేసి లాగితే ఇంకో పది సెకన్లు. మళ్ళీ లాగితే ఉలకలేదు. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. అయిపోయింది, ఖాళీ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఎందుకో అనుమానమొచ్చి, ఇంజను చల్లారాక, ప్లగ్గు టోపీ పీకి, గిన్నె కింది బోల్టు విప్పి స్టీలు చెంచా పట్టాను. చెంచా నిండింది. రెండోసారి సగం.

జెట్టు పీల్చుకోగలిగినంతా పీల్చుకున్నాక కూడా దాని కింద మిగిలిపోయేదన్నమాట ఇది. పోయిన ఏడాది ఆకుపచ్చగా మారి మిషనును ముంచింది టాంకులో ఉన్న లీటరు కాదేమో, ఇలాంటి చెంచానే. 87 పోసి ఈ చెంచా తీసేసినా బండి నడిచేదని ఇప్పుడు అనిపిస్తోంది. అయినా 91 మానను. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పోసింది రెండు గ్యాలన్లే, అదనంగా పెట్టింది రెండు డాలర్ల పైచిలుకు. కార్బొరేటరు విప్పి మళ్ళీ ఆకాశంకేసి చూసే ఓపిక నాకు లేదు.

రాత్రి నాన్నకు ఫోన్ చేసి చెంచా సంగతి చెప్పాను. ఆయన స్ప్రేయరు కూడా మూలన పెట్టే రోజులే ఇవి, మిర్చి కోతలు అయిపోయాయి.

“నువ్వు గిన్నె విప్పి పెడతావా నాన్నా?”

“నేనెప్పుడూ ఆగిందాకా ఆడించి పెడతానమ్మా. మా నాయన నేర్పిందే.”

“అయినా ఉంటుంది. విప్పి చూడు.”

“ఇప్పుడు ఇక్కడ కూడా పెట్రోల్లో 20 శాతం అదే కలుపుతున్నారంట. బండ్లు పాడవుతున్నాయని మన కుర్రాళ్ళంతా తిట్టుకుంటున్నారు. మొక్కజొన్నకు రేటొస్తుందని ఇంకోడు. నేను మొక్కజొన్నా వేశాను, బండీ ఉంది. ఎటు మాట్లాడాలో తెలియట్లా” అని నవ్వాడు. తర్వాత కాసేపు ఫోను మంచం మీద పెట్టినట్టున్నాడు, ఇనప డబ్బా చప్పుడు వినబడింది.

“ఏమ్మా, ఎన్నో నంబరు పానా అన్నావు?”

ఎర్ర డబ్బాలో ఇంకా ముప్పావు గ్యాలను ఉంది. కారులో పొయ్యకూడదని పంపు మీద చీటీ చెప్పింది కాబట్టి లాన్ మోవరులో పోస్తాను, గడ్డి వచ్చే వారానికి లేచేలా ఉంది. డబ్బా మీద టేపు అంటించి తారీకు రాశాను.